లెంట్ రోజుల్లో తోట కావలి

[దృశ్యం: చిన్న గిన్నెలో బూడిద. ఒక వేలు దాన్ని అద్దుకుని ఒకరి నుదుటి మీద సిలువ గీస్తుంది.]

వాయిస్: ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం లెంట్. అది మొదలయ్యే భస్మ బుధవారం నాడు బూడిద పెడుతూ ఫాదర్ గారో, పాస్టర్ గారో గుర్తు చేసే మాట ఇది: "నీవు మన్నే గనుక తిరిగి మన్నై పోదువు." చాలా సంఘాల్లో, పోయిన ఏడాది మట్టల ఆదివారం నాడు చేతపట్టిన మట్టల్నే కాల్చి ఆ బూడిద చేస్తారు.

ఈ మాట వినగానే మనకు చావు గుర్తుకొస్తుంది. నాకైతే అందులో చుట్టరికం కూడా వినిపిస్తుంది. హెబ్రీ భాషలో నేలను 'అదామా' అంటారు. ఆదాము అనే పేరు దానికి బాగా దగ్గర. అంటే మొదటి మనిషి పేరులోనే మట్టి ఉంది.

[దృశ్యం: తెర మీద ఆదికాండము 2:15. 'కాచుటకును' అన్న మాట మెల్లగా వెలుగుతుంది.]

వాయిస్: దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఎందుకు పెట్టాడు? "సేద్యపరచుటకును దాని కాచుటకును." 'కాచుట' అన్నచోట హెబ్రీలో ఉన్న క్రియ 'షామర్'. కొంచెం ఓపిక పట్టండి, ఈ ఒక్క మాట దగ్గర ఆగుదాం.

ఆరాధన చివర మనం వినే దీవెన సంఖ్యాకాండము 6:24లో ఉంది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక." ఆ 'కాపాడును' కూడా షామరే. తమ్ముణ్ణి చంపిన కయీను, "నా తమ్మునికి నేను కావలివాడనా?" అని అడిగినప్పుడు వాడిందీ ఆ మాటే. దేవుడు మనల్ని ఎంత జాగ్రత్తగా కాపాడాలని కోరుకుంటామో, అంత జాగ్రత్త ఆ తోట మీద పెట్టమన్నాడు. ఈ మూడు వచనాలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన రోజు నుంచి, చెత్తబుట్ట మూత తీసేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగుతోంది.

"మరి భూమిని ఏలుడి అని కూడా ఉంది కదా" అని కొందరు అడుగుతారు. ఉంది. కానీ 24వ కీర్తన మొదటి వచనం భూమి యెహోవాదే అంటుంది. మన చేతిలో పెట్టింది ఆయన సొత్తు. లెక్క అప్పజెప్పాల్సింది ఆయనకే.

[దృశ్యం: ఎండిన కొండలు, ముళ్లపొదలు. దూరంగా ఒక జంతువు కదలిక.]

వాయిస్: ఆదివారాలు తీసేస్తే లెంట్ 40 రోజులు. యేసు అరణ్యంలో ఉపవాసం ఉన్న 40 రోజులకు ఇది గుర్తు. అక్కడ సాతాను ఆయనను శోధించిన సంగతి మొత్తాన్ని సువార్త రాసిన మార్కు రెండే వచనాల్లో చెప్పాడు. అంత తక్కువ చోటులో కూడా, యేసు "అడవిమృగములతో కూడ" ఉన్నాడని రాయడం మర్చిపోలేదు.

ఇక ఉపవాసం సంగతి. ఏం మానేశామో మనం బాగానే లెక్కపెట్టుకుంటాం. మానేసింది ఎటు పోయిందని యెషయా 58వ అధ్యాయం అడుగుతుంది. "నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుట" దేవుడు కోరిన ఉపవాసంలో భాగం. ఒక పూట తిండి మానేసి, ఆ డబ్బు ఇంకో అవసరం లేని వస్తువుకు ఖర్చు పెడితే ఆకలిగొన్నవాడికి ఏమీ అందదు. నేలకూ అందదు.

[దృశ్యం: గదిలో వెలుగుతున్న బల్బు. ఒక చెయ్యి దాన్ని తీసేస్తుంది.]

వాయిస్: 2008 లెంట్‌లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్, లండన్ బిషప్పులు 'కార్బన్ ఉపవాసం' చేద్దామని, అంటే భూమిని వేడెక్కించే కార్బన్ వాయువులు తక్కువ వెలువడేలా బతుకుదామని పిలుపు ఇచ్చారు. మొదటి పని చాలా చిన్నది. ఇంట్లో బాగా వాడే చోట ఒక బల్బు తీసేసి, 40 రోజులు అది లేకుండా ఉండటం. రోజూ ఆ చీకటి మూల కనబడితే ప్రార్థన గుర్తొస్తుంది. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది.

మీరు కూడా ఒక్కటే ఎంచుకోండి. పది తీర్మానాలు పెట్టుకుంటే మూడో వారానికి అన్నీ జారిపోతాయి.

నన్నడిగితే తినే కంచం దగ్గర మొదలుపెట్టమంటాను. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే. ఐదు వేల మందికి భోజనం పెట్టిన తర్వాత యేసు ఏమన్నాడు? "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి." ఐదు రొట్టెల్ని అంతమందికి సరిపెట్టినవాడికి ముక్కలతో పనేముంది? అయినా ఏరించాడు. పన్నెండు గంపలు నిండాయి.

మొదటి వారం ఏమీ మార్చకండి. పారేసిన ప్రతిదీ ఒక కాగితం మీద రాయండి, అంతే. రెండో వారం నుంచి, ఎక్కువగా రాసినదాన్ని కొనడం, వండటం తగ్గించండి. మిగిలిన డబ్బు పక్కన పెట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు చేర్చండి. దాని ఫోటో తీసి ఎక్కడా పెట్టకండి. ఉపవాసం రహస్యంగా చేయమన్నది ప్రభువే. సంఘమంతా కలిసి చేయగలిగితే మరీ మంచిది. చర్చి విందుల్లో వాడి పారేసే ప్లేట్లు, ప్లాస్టిక్ సీసాలు మానేయడానికి ఒక్క కమిటీ మీటింగ్ చాలు.

[దృశ్యం: బొక్కలు పెట్టిన పాత బకెట్. అడుగున ఎండుటాకులు. పైన కూరగాయల తొక్కలు పడతాయి.]

వాయిస్: తొక్కలు మాత్రం తప్పవు. చెత్త కుప్పల అడుగున గాలి ఆడక కుళ్లితే వాటి నుంచి మీథేన్ వస్తుంది. 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పెంచుతుంది. అవే తొక్కలు ఎండుటాకులతో కలిసి, గాలి తగులుతూ ఉంటే ఎరువవుతాయి. ఒక పొర తడిది, దాని మీద మందంగా పొడిది. వారానికోసారి కలియబెట్టండి. వాసన వస్తే ఇంకొన్ని ఎండుటాకులు వేయండి.

భస్మ బుధవారం నాడు మొదలుపెట్టిన బకెట్ ఈస్టర్ నాటికి పూర్తి కాదు. ఇంకా తొక్కలు తొక్కలుగానే కనబడుతుంటాయి. కంగారు పడకండి, కలియబెడుతూనే ఉండండి. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు పెంతెకొస్తు పండుగ వచ్చేసరికి చాలావరకు నల్లటి మట్టి వాసన వస్తుంది.

[దృశ్యం: తెల్లవారుజాము. ఒక తోట. తెర మీద యోహాను 20:15.]

వాయిస్: ఈస్టర్ ఉదయం సమాధి దగ్గర ఏడుస్తున్న మగ్దలేనే మరియ, ఎదురుగా నిలబడ్డ యేసును గుర్తుపట్టలేదు. తోటమాలి అనుకుంది.

[దృశ్యం: మట్టి అంటిన చేతులు బకెట్‌లోని ఎరువును ఒక మొక్క మొదట్లో పోస్తాయి.]