అణచి, కుదిలించి, దిగజారునట్లు: ఆ కొలత ఎవరిది?

[దృశ్యం: చిత్తూరు, సాయంత్రం. రోడ్డు పక్కన ఉడికించిన చెనిక్కాయల బుట్ట. కెమెరా కొలత డబ్బా మీద నిలుస్తుంది.]

వ్యాఖ్యానం:
ఈ అవ్వ చేతిని ఒక్క నిమిషం గమనించండి. డబ్బాను బుట్టలో ముంచి పైకెత్తిన తరువాత ఆమె అంచుకు సమంగా తలగొట్టదు. గోపురంలా నిలిచిన కాయలు జారిపోకుండా ఎడమ అరచేతిని అడ్డం పెట్టి, అంతా కలిపి పొట్లంలోకి వంచుతుంది. అప్పటికీ మనం కదలము. "కొసరు వెయ్యవ్వా" అంటాము. ఆమె మరో పిడికెడు తీసి వేస్తుంది. బేరంలో లేనిది ఆ పిడికెడు.

లూకా సువార్త 6వ అధ్యాయం 38వ వచనంలో యేసు ప్రభువు చూపించినది ఇటువంటి అంగడి దృశ్యమే. "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును, అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మనుష్యులు మీ ఒడిలో కొలుతురు." గింజలు పోసి, చేత్తో అణచి, సందులు పూడేలా కుదిపి, మళ్లీ పోసి, అంచు దాటి జారేదాకా నింపడం ఇందులో కనిపిస్తుంది. ఒడి అంటే పైవస్త్రాన్ని నడికట్టు దగ్గర సంచిలా మడుచుకొన్న భాగం. చేలో చెనిక్కాయలు ఏరే మన ఆడవాళ్లు కొంగును నడుముకు దోపి చేసుకొనే ఒడిని చూసినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

[దృశ్యం: తెరచిన బైబిలు. వేలు 38వ వచనం నుంచి పైకి జరుగుతుంది.]

వ్యాఖ్యానం:
కానుకల సంచి తిరిగే ముందు ఈ వచనం చదవడం చాలా సంఘాలలో అలవాటు. చదవడంలో తప్పు లేదు. అయితే "వంద వేస్తే వెయ్యి వస్తుంది" అని దానికి అర్థం చెప్పినప్పుడు కానుక కాస్తా చీటీపాటగా మారిపోతుంది, దేవుడు చీటీ నడిపేవాడవుతాడు. ఆ అర్థం సరికాదని చెప్పడానికి నాకు పెద్ద పాండిత్యం అవసరం లేదు. పై వచనాలు చదివితే చాలు. శత్రువులను ప్రేమించడం, తిరిగి వస్తుందన్న ఆశ లేకుండా అప్పివ్వడం, తీర్పు తీర్చకపోవడం, క్షమించడం, ఇవే అక్కడి మాటలు. వీటన్నిటికీ ఆధారంగా 35వ వచనం, తండ్రి కృతజ్ఞత లేనివారికి కూడా ఉపకారి అని చెబుతున్నది. అంటే మొదట కొలిచినవాడు ఆయనే. మన చేతిలోని డబ్బా ఆయన పోసినదానితో నిండినది.

అపొస్తలుడైన పౌలు దీనిని డబ్బు వ్యవహారంలో చూపించాడు. క్రీస్తు శకం 55 ప్రాంతంలో, యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం ఆయన సంఘాలలో చందా పోగు చేస్తున్నాడు. ఒక సంవత్సరం ముందే సిద్ధపడిన కొరింథువారు పని ముగించలేదు. నిరుపేదలైన మాసిదోనియ సంఘాలవారు మాత్రం, ఈ పనిలో మాకూ పాలు ఇమ్మని బతిమాలుకొన్నారు. రెండవ కొరింథీ పత్రిక 8, 9 అధ్యాయాలు ఈ సందర్భంలో వ్రాసినవే. ఆ చందా మాట నడుమనే ఆయన, ధనవంతుడైయుండి మన కోసం దరిద్రుడైన క్రీస్తు కృపను గుర్తుచేస్తాడు. దేవుడు మనకు సమృద్ధి ఇచ్చేది ప్రతి మంచి పనికీ మన దగ్గర ఉండాలని అంటాడు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా కురిసిన మన్నాను కూడా తలచుకొంటాడు: ఓమెరుతో కొలిచి చూస్తే ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగలలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి తగ్గలేదు. తెల్లవారేదాకా దాచుకొన్న మన్నాకు పురుగు పట్టిందన్న సంగతి నిర్గమకాండములోనే ఉన్నది.

ఇంకొక సంగతి ప్రసంగాలలో అంతగా వినబడదు. ఆ డబ్బు విషయంలో ఎవరూ తనమీద నింద మోపకుండా, తన జతపనివాడైన తీతుతో పాటు సంఘాలు ఎరిగిన మరి ఇద్దరు సహోదరులను పౌలు పంపించాడు. లెక్క చూపించడం అపనమ్మకం అనుకొనే పెద్దలు ఈ భాగాన్ని ఒకసారి చదవాలి.

[దృశ్యం: మదనపల్లె శివార్లు, ఆరోగ్యవరం చెట్లు.]

వ్యాఖ్యానం:
ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని ఈ ఆరోగ్యవరంలో, క్షయకు మందు లేని రోజులలో, 1912లో మొదలైన శానిటోరియాన్ని, అంటే క్షయరోగుల ఆసుపత్రిని, పలు క్రైస్తవ మిషన్లు కలిసి నడిపాయి. క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ మందు ఇంకా మూడు దశాబ్దాల దూరంలో ఉన్నది. విశ్రాంతి, గాలి, మంచి ఆహారం, ఇదే వైద్యం, అదీ నెలల తరబడి. పలువురు కలిసి నింపిన కొలత అది.

[దృశ్యం: గుడి వెనుక గది. గోనెసంచి, పడి.]

వ్యాఖ్యానం:
మా సంఘంలో, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారం ఆ బియ్యమంతా ఒకే గోనెలో పోస్తారు. సోనామసూరి, చౌకదుకాణపు బియ్యం అందులో కలిసిపోతాయి, ఏది ఎవరిదో తెలియదు. ఏళ్ల తరబడి ఆ పిడికెడు తెచ్చిన ఒక అవ్వ, పోయిన వానాకాలంలో జారిపడి చెయ్యి విరిగి, పనికి పోలేక, మొదటిసారి ఖాళీ సంచితో ఆ గది ముందు నిలబడింది. కొలిచే అతను పడిని గోపురంగా నింపుతుంటే, "తలగొట్టి పొయ్యి నాయనా, నా వెనకాల ఇంకా మంది ఉండారు" అన్నది. అతను ఎడమ అరచేతిని అడ్డం పెట్టి, జారకుండా, అట్లాగే ఆమె సంచిలోకి వంచాడు.