అద్దె ఆగిపోయిన ఇంటి ఓనర్లకు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లంతా పెద్ద ఆస్తిపరులేం కాదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో పైన ఒక అంతస్తు వేసుకుని, కింది పోర్షన్ అద్దెతో మందులూ పాలూ కూరగాయలూ వెళ్లదీసుకునేవాళ్లు హైదరాబాదులో ఏ కాలనీకి వెళ్లినా కనిపిస్తారు. భర్త పోయాక ఆ అద్దే ఆధారంగా బతుకుతున్న ఆడవాళ్లున్నారు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు అద్దె కట్టడం మానేస్తే, సొంతిల్లు ఉండి కూడా నెలాఖరుకి చేబదులు అడగాల్సి వస్తుంది. ఆ టెన్షన్ పడుతున్నవాళ్ల కోసమే ఈ ప్రసంగం. చట్టం గురించి చెప్పేది ముఖ్యంగా తెలంగాణకు సంబంధించినది.

ఈ తగాదాలు దాదాపు ఒకే తీరుగా ముదురుతాయి. మొదటి నెల అద్దె రాకపోతే ఓనరు అడగరు. రోజూ గేటు దగ్గర ఎదురుపడే మనిషిని డబ్బులడగాలంటే మొహమాటం. రెండో నెల "వచ్చే వారం ఇచ్చేస్తామండీ" అంటే సరేనంటారు. నాలుగో నెల వచ్చేసరికి, అన్నాళ్లూ దిగమింగుకున్న కోపం ఒక్కసారిగా బయటికొస్తుంది. మోటారు ఆపేస్తారు. ఫ్యూజు పీకేస్తారు. వాళ్లు ఊరెళ్లినప్పుడు ఇంకో తాళం వేసేస్తారు.

అక్కడితో కథ అడ్డం తిరుగుతుంది. అప్పటిదాకా అద్దె ఎగ్గొట్టిన మనిషి, ఆ రోజు నుంచి పిల్లలతో నీళ్లు లేక అల్లాడుతున్న బాధితుడవుతాడు. కోర్టుకెళ్లి ఇంజంక్షన్, అంటే మనం అలాంటి పని చేయకుండా ఆపే ఉత్తర్వు, తెచ్చుకుంటాడు. తాళం వేసి బయటికి నెట్టేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించారా లేదా, అంతవరకే చూస్తారు. అద్దెకుండే మనిషిని కోర్టు ద్వారా తప్ప బలవంతంగా పంపించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పోలీస్ స్టేషన్‌కి వెళ్లినా "ఇది సివిల్ మ్యాటర్" అంటారు, ఆ మాట నిజమే. బెదిరింపులో, కొట్లాటో, సామాను పగలగొట్టడమో జరిగితే ఫిర్యాదు చేయండి. ఖాళీ చేయించే అధికారం మాత్రం పోలీసులకు లేదు.

కాబట్టి పని మొదలుపెట్టాల్సింది మొదటి నెలలోనే. ఐదో తారీఖు అద్దె పదో తారీఖుకి రాకపోతే అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడిగినట్టు గుర్తు మిగలాలి. ఫోన్లో మాట్లాడాక వాట్సాప్‌లో రెండు లైన్లు పెట్టండి: "ఈ నెల అద్దె ఇంకా అందలేదు, పదిహేనో తారీఖున ఇస్తానన్నారు" అని. అందులో గొడవ పెట్టుకున్నదేమీ లేదు. మొహమాటపడి ఊరుకున్న మూడు నెలలే తర్వాత ఓనరుకి ఎక్కువ నష్టం తెస్తాయని నేను గట్టిగా నమ్ముతాను.

అడిగినప్పుడు జవాబు జాగ్రత్తగా వినండి. ఉద్యోగం పోయిందనో, ఇంట్లో ఆపరేషన్ అయిందనో చెబితే అది అబద్ధమని ముందే అనుకోవద్దు. బాకీని వాయిదాలుగా విడగొట్టి, తేదీలతో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. నిజంగా ఇబ్బందిలో ఉన్న మనిషి మొదటి వాయిదా ఎలాగోలా కడతాడు, లేదా ముందే వచ్చి చెబుతాడు. ఫోన్ ఎత్తకుండా, తేదీ మీద తేదీ మార్చేవాళ్ల సంగతి వేరు. ఇంకొందరుంటారు, వాళ్లకి మన మీదే కంప్లెయింట్ ఉంటుంది. వానాకాలమంతా స్లాబు కారింది, ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు అంటారు. అది నిజమైతే ముందు స్లాబు బాగుచేయించండి. ఓనరు చేయించాల్సిన రిపేరు, చెప్పినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది.

ఆ పాత చట్టం పేరు ఎందుకెత్తానంటే, ఇవాళ చాలా ఇళ్లకు వర్తించేది అదే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అని చాలామంది అంటారు. 2005లో వచ్చిన సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం బయటికి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ అద్దెకి సింగిల్ రూమ్ దొరకడమే కష్టం. కాబట్టి దారి ఇది: నెలవారీ అద్దె అయితే, పదిహేను రోజుల గడువిచ్చి, ఇక అద్దె ఒప్పందం ముగిసిందని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లాయర్‌తో రాయించి పోస్టులో పంపండి, పోస్టు రసీదు దాచుకోండి. గడువు దాటినా కదలకపోతే సివిల్ కోర్టులో దావా. ఇల్లు ఖాళీ చేయించమని, పాత బాకీ ఇప్పించమని, కేసు నడిచినన్నాళ్లూ నెలనెలా డబ్బు జమ చేయించమని, మూడూ ఒకేసారి అడగండి. అద్దె బాకీ వసూలుకి మూడేళ్లే గడువు. ఆలోచిస్తూ కూర్చుంటే పాత నెలలు ఒక్కొక్కటిగా చేజారిపోతాయి.

నోటీసు ఇచ్చాక వాళ్లు డబ్బు తెచ్చిస్తే తీసుకోవాలా వద్దా అని అడుగుతారు. తీసుకోవచ్చు. కాకపోతే "నోటీసుకు భంగం లేకుండా, ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగా తీసుకుంటున్నాను" అని రసీదు మీద రాసివ్వండి. లేకపోతే నోటీసు వదులుకున్నారని రేపు వాదిస్తారు.

ఇంకో భయం గురించి చెప్పాలి, దానివల్ల నిద్ర పట్టనివాళ్లను చూశాను. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట కదా అంటారు. అద్దెకు దిగిన మనిషి మీ ఇంట్లో మీ అనుమతితో ఉన్నట్టు. అద్దెదారుగా ఎన్నేళ్లున్నా ఇల్లు తనది కాదు, అలా ఉంటూ ఓనరు హక్కు లేదని వాదించడానికీ చట్టం ఒప్పుకోదు. అయితే ఒప్పందం ముగిశాక పన్నెండేళ్లు దావా వేయకుండా వదిలేస్తే మాత్రం చిక్కే. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోయింది కాబట్టి తనంతట తానే వెళ్లిపోవాలి అనుకోవడం కూడా పొరపాటు. గడువు తీరినా వెళ్లనన్నవాళ్లను పంపాలంటే మళ్లీ కోర్టే.

కోర్టు అంటే ఏళ్లు పట్టొచ్చు. అందుకే రాజీ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. నెలకు 12,000 అద్దె, నాలుగు నెలల బాకీ అనుకోండి, 48,000. "ఈ నెలాఖరుకి తాళాలిస్తే సగం వదిలేస్తాను" అంటే మీరు పోగొట్టుకునేది రెండు నెలల అద్దె. కేసు రెండేళ్లు నడిస్తే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. మంకుపట్టు పట్టేవాళ్లు ఇక్కడ నాతో గొడవపడతారు, "తప్పు వాళ్లదైతే నేనెందుకు వదులుకోవాలి?" అని. వాళ్ల కోపం న్యాయమైనదే. అయినా ఖాళీ ఇల్లు చేతికొస్తే వచ్చే నెల నుంచి అద్దె వస్తుంది, ఆ ఇంటి మీద బతికేవాళ్లకి అదే ముఖ్యం. తేదీ పెట్టేటప్పుడు పంచాంగం కూడా చూడండి. ఆషాఢంలో ఇల్లు మారమంటే ఎవరూ మారరు, శ్రావణం దాకా ఆగమంటారు. పిల్లల పరీక్షల మధ్యలో అడిగితే జవాబే రాదు. ముందే లెక్క చూసుకుని, వాళ్లు కాదనలేని తేదీ పెట్టండి.

ఖాళీ చేసే రోజున తాళాలు చేతికి రాకముందు అడ్వాన్స్ తిరిగివ్వొద్దు. కరెంటు మీటరు మీ పేరు మీదే ఉంటుంది, బిల్లు బాకీ పడితే చివరికి మీరే కట్టుకోవాలి. అందుకే ఆ రోజు రీడింగ్ ఫోటో తీసుకోండి. ఇల్లు ఖాళీ చేసి అప్పగించామని సంతకం చేయించుకోండి.

మళ్లీ టులెట్ బోర్డు పెట్టేటప్పుడు, ఈ చేదు అనుభవంతో కొందరు కులం అడుగుతారు, మతం అడుగుతారు, ఒంటరి ఆడపిల్ల అంటే తలుపేస్తారు. అది అన్యాయం. అద్దె సరిగ్గా కట్టే గుణానికీ వీటికీ సంబంధమే లేదు. అడగాల్సింది పాత ఓనరు ఫోన్ నంబరు. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు, వాళ్లను వదిలించుకోవాలని మంచిగా చెప్పొచ్చు. అంతకుముందు ఇంటి ఓనరుకి ఆ అవసరం ఉండదు, ఆయనతో మాట్లాడండి.

చివరగా, లాయరు ఫీజుకు భయపడి ఊరుకున్నవాళ్లకు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. దావా వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకుంటే అవతలి వాళ్లకు కబురు పంపి పిలిపిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకున్న రాజీని లోక్ అదాలత్‌లో, అంటే రాజీతో తగాదాలు తేల్చే వేదికలో, అవార్డుగా రాస్తే అది కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని కూడా ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు అగ్రిమెంటు, అద్దె రసీదులు, వాట్సాప్ మెసేజీల ప్రింటు, నోటీసు కాపీ, పోస్టు రసీదు వెంట తీసుకెళ్లండి.

నమస్కారం.