స్లాబ్‌లో మూతబడ్డ ఉత్తరాల పేజీ

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది 'ది ఇంక్రెడిబుల్ హల్క్' అనే అమెరికన్ కామిక్ పుస్తకం 181వ సంచిక. అట్ట మీద 1974 నవంబర్ అని ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళ కోసం కాస్త పైకెత్తి చూపిస్తాను. వుల్వరిన్ అనే సూపర్‌హీరో పూర్తి స్థాయిలో కనిపించిన మొదటి కథ ఇదే. అంతకుముందు సంచికలో చివరి పేజీలో, ఒక్క బొమ్మలో వచ్చి ఆగిపోతాడు. అప్పట్లో దీని వెల పాతిక సెంట్లు. నేను అమెరికాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, చాలా నెలలు డబ్బు దాచుకుని కొన్నాను. అమ్మినాయన అట్ట ఫొటోలు నాలుగు పంపించాడు. అట్ట చక్కగా ఉంది. పార్శిల్ ఇంటికొచ్చాక పుస్తకం తెరిచాను. పాఠకుల ఉత్తరాలు వేసే పేజీలో కిటికీ లాంటి కన్నం కనబడింది. ఎవరో కత్తెరతో శుభ్రంగా కత్తిరించారు.

ఆ కన్నానికో కథ ఉంది. 1974లో మార్వెల్ కంపెనీ తన కామిక్స్ ఉత్తరాల పేజీల్లో 'వాల్యూ స్టాంప్' అని ఓ చిన్న బొమ్మ వేయడం మొదలుపెట్టింది. పిల్లలు దాన్ని కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోవాలి. ఈ సంచికలో వచ్చింది షానా అనే పాత్ర బొమ్మ. పదేళ్ళ పిల్లాడు కంపెనీ చెప్పినట్టే చేశాడు, అందులో వాడి తప్పేమీ లేదు. యాభై ఏళ్ళ తర్వాత ఆ చిన్న చదరం లేకపోతే పుస్తకం విలువ బాగా పడిపోతుందని ఎవరికి తెలుసు? కానీ నాకు అమ్మినాయనకు మాత్రం తెలుసు. అందుకే లోపలి పేజీల ఫొటో ఒక్కటీ పంపలేదు.

ఆ రోజు ఎంత బాధపడ్డానో చెప్పలేను. డబ్బు పోయినందుకే కాదు. ఆయన కూడా నాలాగే వుల్వరిన్ గురించి గంటసేపు ఫోన్లో ప్రేమగా మాట్లాడాడు. నమ్మేశాను.

ఇలాంటి మోసాలకు మందుగానే 2000లో సీజీసీ అనే సంస్థ మొదలైంది. ఫ్లోరిడా రాష్ట్రంలోని సారసోటా దాని కేంద్రం. మీ పుస్తకం వాళ్ళకు పంపిస్తే, ఒకరికన్నా ఎక్కువమంది గ్రేడర్లు చూస్తారు. పేజీలు లెక్కపెడతారు, స్టాంప్ ఉందో లేదో చూస్తారు, రంగు వేశారా, అంచులు కత్తిరించారా, జిగురు పెట్టారా అని పరీక్షిస్తారు. తర్వాత 0.5 నుంచి 10 వరకు ఒక అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీల్ చేస్తారు. దాన్నే కలెక్టర్లు స్లాబ్ అంటారు. పై లేబుల్ నీలం రంగులో ఉంటే మామూలు పుస్తకం. ఊదా రంగులో ఉంటే మరమ్మతు చేసిన పుస్తకం. పసుపు రంగులో ఉంటే సంస్థ మనిషి ఎదుట సంతకం చేయించిన పుస్తకం.

అంతకుముందు అంకెలకన్నా మాటలే ఎక్కువగా వాడేవారు. ఫైన్, వెరీ ఫైన్, మింట్ అని. 'గుడ్' అంటే నిజానికి బాగా నలిగిన పుస్తకమని అర్థం, కొత్తవాళ్ళు అక్కడే మోసపోయేవారు. ఆ పరిస్థితిలో, తెలియని మనిషి దగ్గర, చూడని పుస్తకం కొనడానికి సీజీసీ లాంటి మూడో మనిషి సాక్ష్యం నిజంగా అవసరమైంది. ఆ మేలును నేను తక్కువ చేయను. నేను కొన్నప్పుడు స్లాబ్ ఉండి ఉంటే, స్టాంప్ లేదన్న ముక్క లేబుల్ మీదే రాసి ఉండేది.

కానీ ఆ సాక్ష్యం మెల్లగా పుస్తకం స్థానంలోకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు జనం 'హల్క్ కొన్నాను' అనడం లేదు, '9.8 కొన్నాను' అంటున్నారు. 9.6కీ 9.8కీ మధ్య తేడా వెన్ను మీద గోటి గీత కన్నా చిన్న మడత కావచ్చు. ధర మాత్రం రెట్టింపు కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. 1962లో పన్నెండు సెంట్లకు అమ్మిన 'అమేజింగ్ ఫ్యాంటసీ' 15వ సంచిక, అంటే స్పైడర్‌మ్యాన్ పుట్టిన పుస్తకం, 9.6 గ్రేడ్ కాపీ 2021 సెప్టెంబర్‌లో వేలంలో 36 లక్షల డాలర్లు పలికింది. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 8.5 కాపీ 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు పోయింది. ఒక అంకె మీద ఇంత డబ్బు నిలబడితే, ఆ అంకె చుట్టూ దొంగలు చేరక మానరు.

మొదటి పెద్ద దెబ్బ 2000 దశకం మధ్యలోనే తగిలింది. పుస్తకం అంచులు నలిగి ఉంటే, ఆ నలిగిన మేరకు వెంట్రుకవాసి కత్తిరించేస్తే అంచు కొత్తదిలా పదునుగా కనిపిస్తుంది. దీన్ని ట్రిమ్మింగ్ అంటారు. అలా కత్తిరించిన పుస్తకాలు నీలం లేబుల్‌తో బయటికొచ్చేశాయని తేలింది. పాత వేలంపాటల ఫొటోలూ, తర్వాతి ఫొటోలూ పక్కపక్కన పెట్టి పట్టుకున్నది మామూలు కలెక్టర్లే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంతకన్నా ఘోరమైనది 2023 చివర్లో, 2024 మొదట్లో బయటపడింది. ఎలా చేశారో వివరంగా చెబుతాను, ఎందుకంటే పద్ధతి అర్థమైతేనే జాగ్రత్తపడగలం. స్లాబ్ పెట్టెకు గీతలు పడితే, సంస్థకు పంపితే కొత్త పెట్టె వేసిస్తారు. దాని పేరు రీహోల్డర్. మోసగాడు ముందుగా 9.8 గ్రేడ్ ఉన్న స్లాబ్ కొంటాడు. పైకి తెలియకుండా తెరిచి, మంచి పుస్తకం బయటికి తీసి, అదే సంచికలో నాసి కాపీ ఒకటి లోపల పెడతాడు. పెట్టెకు గీతలు పడ్డాయని రీహోల్డర్‌కు పంపిస్తాడు. పెట్టె కొత్తది, లేబుల్ మీద 9.8 అలాగే, లోపల మాత్రం నాసి కాపీ. ఇక బయటికి తీసిన అసలు పుస్తకాన్ని కొత్తగా గ్రేడింగ్‌కు పంపితే, దానికీ మళ్ళీ మంచి గ్రేడే వస్తుంది. ఒక్క పుస్తకం రెండైంది. పైగా ఆ మోసానికి సంస్థ సొంత సీలే రక్షణగా నిలిచింది. సీజీసీ చివరికి మూడు వందలకు పైగా సర్టిఫికెట్ నంబర్ల జాబితా బయటపెట్టాల్సి వచ్చింది.

మేడిపండు సంగతి మనకు కొత్తదేమీ కాదు. కానీ మేడిపండునైతే విప్పి చూసుకోవచ్చు. స్లాబ్‌ను విప్పితే గ్రేడ్ పోతుంది, గ్రేడ్ పోతే డబ్బు పోతుంది. అందుకే కొన్నవాళ్ళు తెరవరు. హల్క్ 181 స్లాబ్‌లో ఉంటే, లోపల షానా బొమ్మ ఉందో లేదో బయటినుంచి ఎవరికీ కనిపించదు. ఈ మోసానికి ఊపిరి పోసింది కొనేవాడి భయమే.

మరి పట్టుకున్నదెవరు? మళ్ళీ అభిమానులే. ఒకే సర్టిఫికెట్ నంబర్‌తో పాత అమ్మకంలో వచ్చిన ఫొటో ఒకటి, కొత్త అమ్మకంలో వచ్చిన ఫొటో ఒకటి తీసుకున్నారు. స్టేపుల్ ఎక్కడ పడింది, అట్ట మడత ఎంత పక్కకు జరిగింది, మూలలో తెల్ల చుక్క ఉందా అని రాత్రులు కూర్చుని పోల్చారు. జీతం లేదు, ఎవరూ అడగలేదు. 'ఇది ఆ పుస్తకం కాదు' అని తేల్చి చెప్పారు.

ఇక్కడే నేను సైన్స్ ఫిక్షన్ వైపు తిరుగుతాను, ఎందుకంటే అలా పోల్చి చూసే కన్ను అక్కడిదే. 1977 నాటి మొదటి 'స్టార్ వార్స్'లో హీరోల్లో ఒకడైన హాన్ సోలో, తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోను బల్ల కింద నుంచి కాలుస్తాడు. గ్రీడో కాల్చడు. 1997లో సినిమాను సరిచేసి మళ్ళీ విడుదల చేసినప్పుడు గ్రీడో ముందు కాల్చినట్టు మార్చారు. సెకను కూడా పట్టని మార్పు. ఇరవై ఏళ్ళుగా ఆ సినిమాను గుండెల్లో పెట్టుకున్నవాళ్ళు హాల్లోనే పట్టేశారు. 'ఇంత చిన్నదానికి గొడవేమిటి' అని బయటివాళ్ళు అడుగుతారు. నా జవాబు ఒక్కటే. ముందు కాపీని, తర్వాతి కాపీని పక్కపక్కన పెట్టి చూసే అలవాటు అది. అదే అలవాటు ఇరవై ఏడేళ్ళ తర్వాత ఆ దొంగ స్లాబులను పట్టుకుంది.

కామిక్స్, సైన్స్ ఫిక్షన్, ఈ రెండు లోకాలూ మొదటి నుంచీ ఒకటే, ఉత్తరాల పేజీ వాటిని కలిపింది. 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ మొదలుపెట్టిన 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక పాఠకుల ఉత్తరాలతో పాటు వాళ్ళ చిరునామాలు కూడా అచ్చువేసింది. ఎక్కడెక్కడో ఒంటరిగా చదువుకుంటున్న కుర్రాళ్ళు ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. సైన్స్ ఫిక్షన్ అభిమాన సంఘాలు అలా పుట్టాయి. సూపర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకడైన జెర్రీ సీగెల్ కూడా హైస్కూల్ రోజుల్లోనే సొంతంగా చిన్న సైన్స్ ఫిక్షన్ పత్రిక తీశాడు. జూలియస్ ష్వార్ట్జ్ అనే కుర్రాడు 1932లో మిత్రుడు మార్ట్ వైజింగర్‌తో కలిసి అభిమానుల పత్రిక నడిపాడు. పెద్దయ్యాక డీసీ కామిక్స్‌లో ఎడిటర్ అయ్యాడు, 1960ల మొదట్లో అక్కడా ఉత్తరాల కింద పూర్తి చిరునామాలు వేయించాడు. కామిక్స్ అభిమానులు ఒకరినొకరు కలుసుకున్నది ఆ చిరునామాల పుణ్యానే. మార్వెల్‌లో స్టాన్ లీ ఇంకో అడుగు వేశాడు. కథలో తప్పు పట్టి, అది తప్పెందుకు కాదో తెలివిగా వివరించినవాడికి 'నో ప్రైజ్' అని ఖాళీ కవరు పంపేవాడు. ఖాళీ కవరే, కానీ దాన్ని అందుకున్న పిల్లవాడి సంతోషం ఎంతటిదో ఊహించండి. చందమామలో ఫొటోలకు వ్యాఖ్యలు పంపి, తన పేరు అచ్చులో చూసుకున్న మనవాళ్ళకు అది వేరే చెప్పక్కర్లేదు.

'స్టార్ ట్రెక్' అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌ను ఆపేస్తారని 1967 చివర్లో తెలిసినప్పుడు బీజో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు. దాన్ని ప్రసారం చేసే ఎన్‌బీసీ చానల్‌కు ఉత్తరాలు వెల్లువెత్తాయి. మూడో సీజన్ వచ్చింది. 79 ఎపిసోడ్లు పూర్తయ్యాయి కాబట్టే తర్వాత లోకల్ చానళ్ళలో రోజూ వేయగలిగారు, దాంతోనే కొత్త తరం దానికి అతుక్కుంది. 'ఎందుకు ఇష్టం' అని ఒక్కో మనిషి కూర్చుని రాసిన కాగితాలు అవి.

2017 డిసెంబర్‌లో 'స్టార్ వార్స్' వరసలో 'ది లాస్ట్ జెడై' వచ్చింది. సినిమాల రేటింగులు చూపే రాటెన్ టొమాటోస్ సైట్‌లో విమర్శకుల స్కోరు 90 శాతం దాటింది, ప్రేక్షకుల స్కోరు నలభైల్లో ఉంది. నెలల తరబడి అందరూ ఆ రెండు అంకెల మీదే కొట్టుకున్నారు. నిజంగా సినిమా చూసి నచ్చక తక్కువ వేసినవాళ్ళెందరో, చూడకుండానే కోపంతో వేసినవాళ్ళెందరో అంకె చెప్పదు. 2019లో ఆ సైట్ సినిమా విడుదలకు ముందు జనం ఆసక్తిని చూపే శాతం తీసేసి, టికెట్ కొన్నట్టు రుజువున్న రేటింగులను వేరుగా చూపడం మొదలుపెట్టింది. అంటే అభిప్రాయానికీ గ్రేడర్ కావాల్సి వచ్చింది.

ఆ సినిమా చూసి ఇంటికొస్తూ కారులో నేనూ మా అబ్బాయీ నలభై నిమిషాలు వాదించుకున్నాం. మొదటి సినిమాల హీరో ల్యూక్ స్కైవాకర్‌ను ఓడిపోయి దాక్కున్న ముసలివాడిగా చూపించడం నాకు నచ్చింది. గురువు కూడా తప్పు చేస్తాడని, ఆ తప్పు మోయడం ఎంత కష్టమో చెప్పారు. వాడికి అస్సలు నచ్చలేదు. తండ్రిలో మంచి ఉందని చివరిదాకా నమ్మినవాడు, నిద్రపోతున్న మేనల్లుడి మీద కత్తి ఎత్తుతాడా అన్నాడు. నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ ప్రశ్న 42 శాతంలో ఎక్కడ కనిపిస్తుంది?

ఇదే చోట ఒక మాట బాధతో చెప్పాలి. అదే సినిమాలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్‌ను కొందరు జాతి పేరుతో, రూపం పేరుతో ఎంత వేధించారంటే, 2018లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. దాన్ని నేను అభిమానుల అభిప్రాయం అనను. పుస్తకంలో ఏముందో చూడకుండా మనిషి మీద పడటం అది.

ఇక్కడున్న కుర్రాళ్ళలో కొందరు హైదరాబాద్ కామిక్ కాన్‌కు వెళ్తారని, ఆన్‌లైన్‌లో స్లాబులు తెప్పించుకుంటున్నారని విన్నాను. కొనండి. కానీ సర్టిఫికెట్ నంబర్‌ను సంస్థ సైట్‌లో వెతికి, అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలోని దానితో మూల మూలా పోల్చి చూడండి. పాత వేలాల్లో ఆ నంబర్ వచ్చిందేమో చూడండి. పెట్టె అంచుల్లో తెల్లటి పగుళ్ళు కనిపిస్తే అడగండి. వేడితో ముడతలు తీసే ప్రెసింగ్‌ను సీజీసీ మరమ్మతుగా లెక్కవేయదు. కానీ అమ్మేవాడు ఆ సంగతి చెప్పి తీరాలని నా నమ్మకం. చెప్పకపోతే ఆ బేరం నేను చేయను. ఒక్క సంచికైనా స్లాబ్ లేనిది, నలిగినది, తక్కువ ధరది కొని, కుట్టు దగ్గర పాత కాగితం వాసన చూసి, ఉత్తరాల పేజీ దాకా చదవండి.

ఈ హల్క్‌ను నేను ఎప్పుడూ గ్రేడింగ్‌కు పంపలేదు. ముందు వరుస నుంచి అందిస్తున్నాను, చేతులు తుడుచుకుని తీసుకోండి. కన్నం ఉన్న పేజీ దగ్గర ఆగి, దాని చుట్టూ మిగిలిన ఉత్తరాలు చదవండి. వెనక వరుస దాకా వెళ్ళాక తిరిగి తెచ్చివ్వండి, ఈలోపు మీ ప్రశ్నలు తీసుకుంటాను.