ఉల్లి వేరు స్లైడ్ రివ్యూ: క్రోమోజోములు నిజంగా కనిపిస్తాయా?

నమస్తే అండీ! ఈరోజు రివ్యూ ఉల్లి వేరు కొన స్లైడ్ మీద. కోఠిలో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో తీసుకున్నాను. ఇది కొంటే కణ విభజన నిజంగా కనిపిస్తుందా అని బైపీసీ పిల్లలు అడుగుతున్నారు. కనిపిస్తుంది. ఎక్కడ చూడాలో తెలియాలంతే.

ముందు మైక్రోస్కోప్‌లో 10ఎక్స్ లెన్స్ పెట్టండి. చివర్లో వేరు తొడుగు ఉంటుంది, దాన్ని దాటగానే చిన్న కణాలు కిక్కిరిసి ఉన్న చోట ఆగండి. ఇంకా పైకి పోతే పొడుగు కణాలు వస్తాయి, అవి విభజన ఆపేసినవి. ఇప్పుడు 40ఎక్స్. చాలా కణాల్లో గుండ్రటి కేంద్రకం తప్ప ఏమీ లేదు కదా? స్లైడ్ బాగాలేదనుకోకండి. కణం ఎక్కువ కాలం ఉండేది అంతర్దశలోనే, అంటే రెండు విభజనల మధ్య కాలంలో.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి, మెటాఫేజ్! క్రోమోజోములన్నీ కణం మధ్యలో వరస కట్టాయి. ఒక్కోదానిలో రెండు క్రొమాటిడ్లు, అంటే ఒకేలాంటి రెండు ప్రతులు, సెంట్రోమియర్ అనే నొక్కు దగ్గర కలిసి ఉన్నాయి. కణం రెండు ధ్రువాల (చివరల) నుంచి వచ్చిన కండె పోగులు వాటిని చెరో వైపు లాగుతున్నాయి. ఒక్క క్రోమోజోముకు పోగు సరిగ్గా తగులుకోకపోయినా సరే, కణం మిగతావాటిని కూడా విడదీయకుండా ఆగుతుంది. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. పుస్తకంలో బొమ్మ చూస్తే ఈ ఎదురుచూపు తెలియదు. పంపకం తప్పితే ఒక కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పోతాయి. డౌన్ సిండ్రోమ్ చాలావరకు అండం తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోములు విడిపోకపోవడం వల్లే వస్తుంది.

పక్క కణం అనాఫేజ్, అంటే క్రొమాటిడ్లు విడిపోయి చెరో వైపు పోయే దశ. క్రోమోజోముల కొసలు వెనక్కి వాలి ఉన్నాయి, చూశారా? పోగులు పట్టి లాగేది సెంట్రోమియర్‌ని. అందుకే అది ముందు పోతుంది, కొసలు వెనక వస్తాయి.

ఇక లోపం. ఉల్లికి 16 క్రోమోజోములు, కానీ ఇందులో లెక్కపెట్టలేం. వేరును పలచగా నిలువుకోత కోసి చేసిన స్లైడ్ ఇది. కొన్ని కోతలో పోతాయి, మిగతావి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. లెక్క కావాలంటే కాలేజీ ల్యాబ్‌లో మేడమ్‌ని అడిగి స్క్వాష్, అంటే వేరు కొనను నొక్కి పలచగా పరిచే స్లైడ్, చేయండి. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద పెడితే వేర్లొస్తాయి. వాటి కొనల్ని యాసిడ్‌లో మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ వేసి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. పక్కకు జరిగిందా, కణాలు నలిగిపోతాయి.

దశలు గుర్తుపట్టడానికైతే నిస్సందేహంగా కొనండి. మియోసిస్ (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన) స్లైడ్ కూడా తీసుకోమంటారు, మొదట్లోనే అది వద్దు, 40ఎక్స్‌తో దాని దశలు తేల్చుకోవడం కష్టం. డబ్బులిచ్చే ముందు స్లైడ్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. రంగు వెలిసిపోయినా, అద్దం కింద బుడగలున్నా వేరేది ఇమ్మని అడగండి.