కురుసుర లోపల తీరిగ్గా

ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మన విశాఖలో ఆర్.కె. బీచ్‌కి వెళ్లనివాళ్లు ఉండరు. అక్కడ మ్యూజియంగా మారిన కురుసుర సబ్‌మెరైన్ ముందు ఫొటో దిగనివాళ్లూ తక్కువే. కానీ లోపలికి వెళ్లినవాళ్లలో చాలామంది ఇటు ఎక్కి అటు దిగిపోతారు. వెనక జనం తోస్తుంటారు, పిల్లలకేమో ఐస్‌క్రీమ్ గుర్తొస్తుంది. ఈ సెలవుల్లో ఒక రోజంతా దానికీ, దాని చుట్టుపక్కల ఉన్నవాటికీ కేటాయించండని అడగడానికే వచ్చాను.

కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది. 2001లో విశ్రాంతి ఇచ్చారు, 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు. వినడానికి పెద్దదే. లోపల అడుగు పెట్టాక, ఇంజన్లూ గొట్టాలూ మీటర్లూ పోను మనుషులకు మిగిలిందెంతో తెలుస్తుంది. అందులో సుమారు 75 మంది వారాల తరబడి ఉండేవారు. ముందు గదిలో టార్పెడోల పక్కనే పడకలు ఉంటాయి. అక్కడ ఒక్క నిమిషం ఆగి, ‘ఇక్కడ నిద్ర పడుతుందా?’ అని పిల్లల్ని అడగండి.

గది నుంచి గదికి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలో ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. పిల్లలకు అదే పెద్ద సరదా. ఆ ద్వారం అంత ఇరుకుగా ఎందుకుందో కూడా చెప్పండి. ఒక గదిలోకి నీళ్లొస్తే తలుపు బిగించేస్తారు, మిగతా గదులు నిలబడతాయి. ‘మరి అటువైపు ఉండిపోయినవాళ్లు?’ అని మీ పాప అడిగితే మాట మార్చకండి. ఈ మ్యూజియంలో అడగాల్సిన ప్రశ్న అదే.

డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి. నీళ్ల కింద గాలి ఎక్కడిది? అందుకే మునిగాక బ్యాటరీల మీద మోటార్లు నడుస్తాయి. ఛార్జింగ్ తగ్గితే ఉపరితలం దాకా రావాలి, లేదంటే స్నార్కెల్ అనే గొట్టాన్ని మాత్రం నీటి పైకి పెట్టి, ఇంజన్లు నడిపి ఛార్జింగ్ చేసుకోవాలి. శత్రువు కంట పడే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఆ కాసేపు లోపలివాళ్ల టెన్షన్ ఎలా ఉండేదో అక్కడి గైడ్లు చెబుతారు. వాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. స్నానానికి నీళ్లెలా, వంట ఎక్కడ, ఉక్కపోత ఎలా భరించేవారు అని మొహమాటపడకుండా అడగండి. గోడ మీది బోర్డు చెప్పని సంగతులన్నీ బయటికొస్తాయి.

ఇప్పుడు రోడ్డు దాటండి. అవతల ఉన్నది టీయూ-142 విమానం. 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2017లో రిటైరైంది. దాని ప్రధానమైన పని సబ్‌మెరైన్లను వేటాడడం. శబ్దాన్ని పట్టే పరికరాలను సముద్రంలోకి జారవిడిచి, కింద దాక్కున్న సబ్‌మెరైన్ చప్పుడు వినేది. రోడ్డుకు ఇటు దాక్కునేది, అటు వెతికేది! ఈ రెండింటినీ ఒకే రోజు చూడమనడానికి కారణం ఇదే. కురుసురలో చప్పుడు లేకుండా బతకడం ఎందుకంత ముఖ్యమో టీయూ-142 ఎక్కాక అర్థమవుతుంది.

ఆ పక్కనే 1971 విజయ స్మారకం ఉంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఆ డిసెంబరులో మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. 90 మందికి పైగా నావికులు అందులోనే పోయారు. గెలుపు గురించి గర్వంగా చెప్పండి. కురుసురలో పిల్లలు దూరి వచ్చిన ద్వారాల్లాంటి వాటి వెనకే ఘాజీ నావికులూ చనిపోయారని కూడా చెప్పండి. రెండూ తెలుసుకునే వయసు మన పిల్లలకు ఉంది.

విశాఖ మ్యూజియంలో ఒక్క వస్తువు తప్పక చూపించండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబు అక్కడ ఉంది. యుద్ధం ఎక్కడో దూరాన జరిగేదనుకునే పిల్లలు దాని ముందు కాసేపు మాట్లాడరు.

ఇక షిప్‌యార్డ్. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా కంపెనీ యార్డ్ అది. అక్కడ కట్టిన మొదటి ఓడ ‘జల ఉష’ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దింపారు. నా మట్టుకు నాకు, ఈ ఊళ్లో కురుసుర కంటే పెద్ద కథ ఇది. దీన్ని చెప్పగలిగినవాళ్లు చాలామంది మన ఇళ్లలోనే ఉన్నారు. యార్డ్‌లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా చేసి రిటైరైన తాతయ్యలను ఆ రోజు వెంట తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులుంటే సబ్‌మెరైన్ ఎక్కించకండి, బయట కూర్చోబెట్టండి. ఓడకు రేకు ఎలా అతికేవారో, మొదటిసారి నీళ్లలోకి జారిన రోజు యార్డ్ ఎలా ఉండేదో వాళ్ల నోట వినండి. వీలైతే ఫోన్‌లో రికార్డు చేయండి.

సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. ఆదివారం రద్దీ విపరీతం, తీరిగ్గా అడగడం కుదరదు. మంగళవారమో బుధవారమో వేళలు కనుక్కుని వెళ్లండి.