ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు మీ ఫైళ్లు తెరవండి

[తెర మీద: ఒకే స్ప్రెడ్‌షీట్ మూడు వేర్వేరు ప్రోగ్రాముల్లో తెరిచి ఉంటుంది. మూడో దానిలో రెండు గడుల్లో లోపం గుర్తు.]

నమస్కారం. ఆఫీసులో అందరికీ ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత సౌకర్యాల పట్టిక చూస్తారు. మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్, జోహో వర్క్‌ప్లేస్, లిబ్రెఆఫీస్, ఓన్లీఆఫీస్... ఏది తీసుకున్నా ఆ పట్టికలో టిక్కు పడని గడి అరుదు. అన్నిటితోనూ ఉత్తరాలు రాయవచ్చు, లెక్కలు కట్టవచ్చు, స్లైడ్లు చేయవచ్చు. ఆ పట్టిక చూసి నిర్ణయం తీసుకుంటే తర్వాత ఇబ్బంది పడేది రోజూ పని చేసే ఉద్యోగులు. కాబట్టి ఈ వీడియోలో మనం మీ ఫోల్డర్ల నుంచి మొదలుపెడదాం. ఇన్నేళ్లుగా పోగుపడిన ఫైళ్లను ఏ ప్రోగ్రాము చెక్కుచెదరకుండా తెరుస్తుందో చూద్దాం.

ముందుగా మీ ఆఫీసులో అన్నిటికంటే చిక్కుముళ్లు పడిన ఫైలు ఏదో కనుక్కోండి. అది జీతాల లెక్క కావచ్చు, సరుకు నిల్వల పట్టిక కావచ్చు, నెలాఖరు నివేదిక కావచ్చు. బోలెడు షీట్లు, ఒకదాని నుంచి ఇంకొకదానికి లింకులు, ఒకటో రెండో పివట్ టేబుళ్లు (పెద్ద పట్టికను కుదించి మొత్తాలు చూపేవి), ఎప్పుడో ఎవరో రాసిన మ్యాక్రో, అంటే పదేపదే చేసే పనిని దానంతట అదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము. రాసినవారు ఇప్పుడు ఉద్యోగంలో ఉండకపోవచ్చు కూడా. అమ్మకందారు చూపించే నమూనా ఫైలు ఎక్కడైనా చక్కగా తెరుచుకుంటుంది. పరీక్ష పెట్టాల్సింది మీ ఫైలుతో.

[తెర మీద: మ్యాక్రో కోడ్ కిటికీ]

మ్యాక్రోల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మార్పు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది. ఎక్సెల్‌లోకి మ్యాక్రోలు రాసే వీబీఏ అనే ప్రోగ్రామింగ్ భాష 1993లో వచ్చింది. అప్పటి నుంచి ఆఫీసుల్లో ఎన్నో పనులు దానిమీదే నడుస్తున్నాయి. గూగుల్ షీట్స్‌లో వీబీఏ నడవదు. అదే పనిని గూగుల్ సొంత సాధనమైన యాప్స్ స్క్రిప్ట్‌లో మళ్లీ రాయాలి. లిబ్రెఆఫీస్ కొంత వీబీఏను నడుపుతుంది, అంతా కాదు. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది: బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో కూడా ఈ మ్యాక్రోలు నడవవు. చవకగా వస్తుందని బ్రౌజర్‌లో మాత్రమే పనిచేసే చందా పథకం తీసుకుంటే, కంపెనీ పేరు మైక్రోసాఫ్టే అయినా నెలాఖరు నివేదిక తీసే మీ మ్యాక్రో బటన్ పని చేయదు. ఫోల్డర్లలో పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ (.xlsm) అనే పొడిగింపుతో ఉన్న మ్యాక్రో ఫైళ్లను వెతికి లెక్కపెట్టండి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ (.xls) ఫైళ్లలోనూ మ్యాక్రోలు దాగి ఉండవచ్చు, వాటినీ తెరిచి చూడండి. ఆ లెక్క చేతికి వస్తే సగం నిర్ణయం అయినట్టే.

రెండోది, ఫైలు రూపం. దీన్ని చిన్న విషయమని పక్కన పెడతారు. 2020లో ఇంగ్లండ్‌లో ఏమైందో చూడండి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి చేరలేదు. ప్రయోగశాలల నుంచి వచ్చిన సమాచారాన్ని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలోకి మార్చడమే కారణమని వార్తాసంస్థలు బయటపెట్టాయి. ఆ రూపంలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. 2007 నాటి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో అయితే 10,48,576 వరుసలు పడతాయి. కొత్త ప్రోగ్రాముకు సత్తా ఉన్నా, పాత రూపంలో దాచే అలవాటు దాన్ని పనికిరాకుండా చేసింది. ఆ రోగులు ఎవరెవరిని కలిశారో వెతికే పని అందువల్ల ఆలస్యమైంది. అందుకే దీన్ని సాంకేతిక వివరమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

[తెర మీద: ఎక్స్‌ఎల్‌ఎస్ 65,536 / ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ 10,48,576]

గూగుల్ షీట్స్ వరుసలను కాక గడులను లెక్కపెడుతుంది. ఒక ఫైలు మొత్తానికి కోటి గడులు. 50 నిలువు వరుసలున్న పట్టిక అయితే 2 లక్షల అడ్డు వరుసల దగ్గరే పరిమితి తాకుతుంది. మామూలు ఆఫీసు పనికి ఇది ఎక్కువే. అయితే లావాదేవీల చిట్టా మొత్తాన్ని ఒకే ఫైలులో పోసే ఆఫీసు ముందే చూసుకోవాలి. నిజానికి అంత సమాచారం ఉన్నవారికి కావలసింది డేటాబేస్. ఏ స్ప్రెడ్‌షీటూ దాని స్థానాన్ని తీసుకోలేదు.

ఇప్పుడు పరీక్ష. ఆ చిక్కు ఫైలుకు నకలు తీసి, కొత్త ప్రోగ్రాములో తెరవండి. ఒక చిన్న మార్పు చేసి దాచండి. తిరిగి పాత ప్రోగ్రాములో తెరవండి. మొత్తాలు సరిపోయాయా, తేదీలు తేదీలుగానే ఉన్నాయా, షరతుల ప్రకారం రంగులు మారే గడులు మారుతున్నాయా, అచ్చు తీస్తే పేజీలు అక్కడే విరుగుతున్నాయా? రాను పోను రెండు ప్రయాణాలూ చూడాలి, ఎందుకంటే బయటివారు మీకు పంపే ఫైలు, మీరు తిరిగి పంపే ఫైలు ఇలాగే తిరుగుతాయి.

తేదీల మీద ప్రత్యేకంగా కన్ను వేయండి. ఎక్సెల్ కొన్ని మాటలను తనంతట తానే తేదీలుగా మార్చేస్తుంది. జన్యువుల పేర్లు ఇలా మారిపోతున్నాయని, పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చింది. ఎక్సెల్ సెప్టెంబరు 1గా చదివే సెప్ట్1 అనే జన్యువు సెప్టిన్1 అయింది. మీ సరుకుల కోడ్‌లలో సున్నాతో మొదలయ్యేవి, నెల పేర్లలా కనిపించేవి ఉంటే అవి దిగుమతి తర్వాత ఎలా ఉన్నాయో చూడకుండా ముందుకు వెళ్లకండి.

పత్రాల విషయంలో ఎక్కువగా దెబ్బతినేది ఫాంట్ల వల్ల. క్యాలిబ్రి అనే ఫాంటుతో రాసిన ఫైలును అది లేని కంప్యూటర్‌లో తెరిస్తే వేరే ఫాంటు వచ్చి వరుసలు జరిగిపోతాయి, ఒప్పందంలోని సంతకాల గడి తర్వాతి పేజీకి దిగుతుంది. లిబ్రెఆఫీస్‌తో పాటు వచ్చే కార్లిటో ఫాంటు అక్షరాల వెడల్పు క్యాలిబ్రితో సరిపోయేలా చేసినదే, కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. 2023 నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త పత్రాలకు ఆప్టోస్ అనే ఫాంటు పెడుతోంది. బయటి నుంచి వచ్చే కొత్త ఫైళ్లలో ఇది కనిపిస్తుంది.

[తెర మీద: ఒకే పత్రంలో ముగ్గురి కర్సర్లు కదులుతూ ఉంటాయి]

కలిసి రాసే పని ఎంత ఉందో చూడండి. ఒకే పత్రాన్ని ఒకేసారి ముగ్గురు నలుగురు దిద్దే ఆఫీసుకు గూగుల్ డాక్స్ చాలా హాయిగా ఉంటుంది. 2006లో వచ్చినప్పటి నుంచి అది బ్రౌజర్‌లో కలిసి రాయడం కోసమే పెరిగింది. మైక్రోసాఫ్ట్ 365లోనూ ఇది సాధ్యమే, ఫైలు ఆ కంపెనీ ఆన్‌లైన్ నిల్వలైన వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండాలి. లిబ్రెఆఫీస్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములో ఇలా కలిసి దిద్దే వీలు లేదు. దాని ఆధారంగా తయారైన కొలాబోరా ఆన్‌లైన్‌ను సర్వర్ మీద పెట్టుకుంటే బ్రౌజర్‌లో దొరుకుతుంది. ఈ-మెయిల్ జతపరుపుల్లో ఏది చివరి ప్రతో తెలియక తంటాలు పడుతున్న ఆఫీసుకు మిగతా సౌకర్యాలన్నిటికంటే ఈ ఒక్కటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

అయితే ఫైలు ఎక్కడ ఉంటుంది, ఎవరిది అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌తో కలిపినప్పుడు కనిపించే జీడాక్ (.gdoc) ఫైలులో మీ పత్రం ఉండదు, పత్రానికి దారి చూపే లింకు మాత్రమే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ తీశామనుకుంటే నష్టపోతారు. వర్డ్ వాడే డీఓసీఎక్స్ (.docx) రూపంలో దింపుకుంటేనే చేతిలో ప్రతి ఉన్నట్టు. ఉద్యోగి వెళ్లిపోయి ఖాతా తొలగిస్తే, వర్క్‌స్పేస్‌లో ఆ ఖాతాను తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులు, మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజులు గడువు. ముఖ్యమైన ఫైళ్లను మొదటి రోజు నుంచే సంస్థ పేరిట ఉండే షేర్డ్ డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంచితే ఈ ఆందోళనే ఉండదు.

ధర గురించి క్లుప్తంగా. చందా వద్దనుకునేవారికి ఒకేసారి కొనే ఆఫీస్ 2024 ఉంది, దానికి 2029 అక్టోబరు వరకు భద్రతా సవరణలు అందుతాయి. ఆఫీస్ 2016, 2019లకు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. అవి తెరుచుకుంటున్నాయని వాడుతూ పోవడం ప్రమాదకరం. లిబ్రెఆఫీస్‌కు లైసెన్సు ఖర్చు లేదు, నేర్పించడానికి, టెంప్లేట్లు మళ్లీ తయారు చేయడానికి సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వడానికి సిద్ధపడితే అది పూర్తిగా గౌరవించదగ్గ ఎంపిక. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం తన ఆఫీసులను దానికే మారుస్తామని 2024లో ప్రకటించింది. కృత్రిమ మేధ సహాయకుల కోసమే ఒక పథకం ఎంచుకోవద్దు. అవి తర్వాత చేర్చుకోదగినవి.

అందరికీ ఒకే పథకం కొనాలన్న నియమం ఏదీ లేదు. మ్యాక్రోలతో బతికే లెక్కల విభాగానికి డెస్క్‌టాప్ ఎక్సెల్ ఇవ్వండి. చదవడం, చిన్న దిద్దుబాట్లు, మెయిల్ మాత్రమే ఉన్నవారికి బ్రౌజర్ చాలు. కానీ రెండు వేర్వేరు కంపెనీల నిల్వలు కలపకండి. ఒకరు వన్‌డ్రైవ్‌లో, ఇంకొకరు గూగుల్ డ్రైవ్‌లో పెడితే వెతకడానికే రోజు గడిచిపోతుంది. నిల్వ ఒకటే ఉండాలి, దాని మీద పథకాలు ఎన్ని రకాలైనా ఉండవచ్చు.

[తెర మీద: ఫైలు పేరు, మ్యాక్రో చేసే పని, బాధ్యుల పేరు అనే మూడు నిలువు వరుసల ఖాళీ పట్టిక]

నిర్ణయం అయ్యాక ఒక్క విభాగంతో మొదలుపెట్టండి, ఒక నెలాఖరు లెక్కలు పూర్తిగా కొత్త దానిమీద ముగిసే దాకా మిగతావారిని కదపకండి. పరీక్షలో తేలిన ప్రతి మ్యాక్రో ఫైలునూ తెర మీద కనిపిస్తున్న ఈ పట్టికలో రాసి, తిరిగి రాసే బాధ్యతను ఒకరి పేరు మీద పెట్టండి. ఆ పట్టికలో చివరి మ్యాక్రో కొత్త చోట నడిచేవరకు పాత ప్రోగ్రాము ఉన్న కంప్యూటర్ ఒకటి అలాగే ఉంచండి. పాత ప్రోగ్రాముకు మద్దతు ముగిసి ఉంటే ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి.