పద్మిని కారులో కుదుపు తగ్గించడం: పది నెలల పని తర్వాత నా రివ్యూ

నమస్కారం. ఈరోజు నేను రివ్యూ చేయబోయేది షోరూము నుంచి వచ్చిన కారు కాదు, 1986లో మా నాన్నగారు కొన్న ప్రీమియర్ పద్మిని. అందులోనూ ఇంజన్ గురించి, రంగు గురించి, మైలేజీ గురించి మాట్లాడను. పది నెలలుగా నేను పనిచేసిన సస్పెన్షన్, అంటే చక్రాలకూ బాడీకీ మధ్య ఉండి కుదుపును తట్టుకునే ఏర్పాటు గురించి మాత్రమే చెబుతాను. కారణం మా అమ్మ. నాన్నగారి కారులోనే శ్రీశైలం వెళ్లాలని ఆమె కోరిక. కానీ గత ఏడాది హైదరాబాద్ పక్కనున్న కొంపల్లి నుంచి మెదక్ వెళ్లి వచ్చేసరికి వెనక సీట్లో కూర్చున్న ఆమెకు నడుం పట్టేసి రెండు రోజులు లేవలేకపోయారు. 200 కిలోమీటర్లకు పైగా ఉండే శ్రీశైలం దారికి ఆ స్థితిలో తీసుకువెళ్లలేను కాబట్టి ముందు కారు సంగతి చూడాలని నిర్ణయించుకున్నాను.

పద్మిని మూలం ఇటలీకి చెందిన ఫియట్ 1100 డి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు దాన్ని తయారుచేశారు, 1974 నుంచి దానికి పద్మిని అనే పేరు వచ్చింది. 1089 సీసీ ఇంజన్, 14 అంగుళాల చక్రాలు, 2340 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). ముంబై రోడ్ల మీద చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు 30న సేవ నుంచి తప్పుకుంది. దశాబ్దాల పాటు టాక్సీగా తిరిగిన కారు సస్పెన్షన్ పుట్టుకతోనే చెడ్డది కాదని నా నమ్మకం. ముందు చక్రాలు రెండూ వేటికవే కదులుతాయి. చక్రాన్ని పట్టి ఉంచే విష్‌బోన్లు అనే చేతులు, చుట్లు తిరిగిన కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. వెనక మాత్రం ఒకే ఇరుసు, దానికి రెండు పక్కలా కమాన్ పట్టీలు, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల స్ప్రింగులు. మన బాధంతా ఆ కమాన్ల దగ్గరే మొదలవుతుంది.

కొన్నేళ్ల క్రితం కారు వెనక భాగం కిందికి దిగిపోయిందని ఒక వర్క్‌షాపులో చూపించాను. వారు చెరో పక్క ఒక పట్టీ అదనంగా వేసి పంపారు. ఎత్తు వచ్చింది, చూడటానికి బాగుంది, కానీ ఆ రోజు నుంచే కారు ఎద్దుబండిలా తయారైంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాతబడ్డ కమాను వంపు కోల్పోతుంది కానీ ఉక్కు మెత్తబడదు. ఎత్తు తగ్గినందుకు పట్టీ పెంచితే, అవసరం లేని బలాన్ని కారు మీద రుద్దినట్టవుతుంది. చేయవలసింది ఉన్న పట్టీలకే తిరిగి వంపు పెట్టించడం. కమాన్ పని తెలిసిన షాపులు లారీలు ఆగే చోట్ల ఇప్పటికీ ఉన్నాయి. వారి దగ్గరికి వెళ్లినప్పుడు లారీ లెక్కన కాకుండా కారు లెక్కన వంపు అడగండి, రెండు పక్కలా ఒకే ఎత్తు వచ్చిందో లేదో మీరే టేపుతో కొలిచి చూసుకోండి.

అసలు జబ్బు ఎక్కడుందో నాకు తెలిసింది ఒక చిన్న పరీక్షతో. స్ప్రింగు ఊపును ఆపే వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ విప్పి పక్కన పెట్టి, డిక్కీ మీద రెండు చేతులతో బలంగా నొక్కి వదిలాను. షాక్ అబ్జార్బర్ లేని కారు ఉయ్యాలలా చాలాసేపు ఊగాలి. నా కారు ఒక్కసారి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. ఆపేందుకు ఏమీ లేనప్పుడు దాన్ని ఆపింది ఏమిటి? పట్టీల మధ్య రాపిడి. తుప్పు పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయిన పట్టీలు చిన్న చిన్న ఎగుడుదిగుళ్లకు కదలనే కదలవు. అప్పుడు ఇరుసుకూ బాడీకీ మధ్య స్ప్రింగు లేనట్టే. రోడ్డు మీది ప్రతి గరుకుదనాన్నీ టైరు ఒక్కటే మోయాలి, మిగిలింది నేరుగా కూర్చున్నవారి వెన్నుకు చేరుతుంది. మరీ పెద్ద గుంత వచ్చినప్పుడు మాత్రం పట్టీలు ఒక్కసారిగా విడివడి కదులుతాయి. పాత కారు చిన్న గుంతల్లో గట్టిగానూ పెద్ద గుంతల్లో వదులుగానూ అనిపించడానికి కారణం ఇదే.

ఇక విప్పిన కమాను సంగతి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తీయగానే పట్టీల మధ్య నుంచి ఇటుక పొడిలాంటి తుప్పు ఒక దోసెడు రాలింది. దగ్గరగా చూస్తే, ప్రతి పట్టీ కొన దాని పైపట్టీని ఎక్కడ ఒరుసుకుందో అక్కడ బొటనవేలు పట్టేంత గుంట పడి, అద్దంలా మెరుస్తోంది. పట్టీ కదిలిన ప్రతిసారీ ఆ కొన ఈ గుంటలోంచి ఎక్కి బయటికి రావాలి. నేను ముందుగా అదనపు పట్టీలను తీసేశాను. తర్వాత వంపు పెట్టించి, వైరు బ్రష్‌తో తుప్పంతా గీకి, కొనల అంచులను గ్రైండర్‌తో గుండ్రంగా చేసి, గుంటల అంచులను నున్నగా రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాశాను. కొనల కింద మందపాటి ప్లాస్టిక్ ముక్కలు కూడా పెట్టాను. ఈ పనికి రెండు ఆదివారాలు పట్టింది. మామూలు ఇంజన్ ఆయిలు పోసి సరిపెట్టుకోవాలని చాలామంది చూస్తారు, దయచేసి ఆ పని చేయకండి. అది జారి, బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌ల మీద పడితే అవి ఉబ్బి పాడైపోతాయి, పైగా దుమ్మును పట్టి మళ్లీ ఆకురాయిలా తయారవుతుంది.

బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి ఉంది, అది నేనూ చేశాను. కారు జాకీల మీద ఉండగానే కమాను రెండు కొనలను బాడీకి పట్టే కంటి బోల్టులను, షాకిల్ బోల్టులను పూర్తిగా బిగించేశాను. కారు నేల మీదికి దిగగానే కమాను చదునై, ఆ బోల్టుల చుట్టూ ఉన్న రబ్బరు మెలి తిరిగింది. అలా మెలిపడి ఉన్న రబ్బరు తానే ఇంకో స్ప్రింగులా పనిచేసి కారును గట్టిగా చేస్తుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. అందుకని మళ్లీ వదులు చేసి, చక్రాల మీద పూర్తి బరువు పడిన తర్వాత, కారును నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించాను. ఒక్క దీనివల్లే తేడా తెలిసింది. కమానును ఇరుసుకు బిగించే యూ బోల్టులను కొన్ని రోజులు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూసుకోవాలి, ఎందుకంటే పట్టీలు సర్దుకునే కొద్దీ అవి వదులవుతాయి.

అంతా అయ్యాక అదే పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి షాక్ అబ్జార్బర్లు లేకుండా వెనక భాగం 5 సెకన్లలో 8 సార్లు ఊగింది, అంటే సెకనుకు 1.6 సార్లు. ముందు భాగం అదే పద్ధతిలో 7 సార్లు, అంటే సెకనుకు 1.4. ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా ముఖ్యమైనది. 1930లలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు, రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు వెళ్లిన ఆయన, దీన్ని స్పష్టంగా నిరూపించారు: ముందు భాగం కన్నా వెనక భాగం కొంచెం వేగంగా ఊగాలి. ఎందుకంటే గుంత ముందు చక్రాలకు తగిలిన కాసేపటికి గానీ వెనక చక్రాలకు తగలదు. పద్మినిలో 40 కిలోమీటర్ల వేగం దగ్గర ఆ వ్యవధి సుమారు 0.21 సెకన్లు. ఆలస్యంగా మొదలైన వెనక ఊపు కొంచెం వేగంగా ఉంటే ముందు ఊపును అందుకుంటుంది, కారు ముక్కు పైకీ కిందికీ ఊగకుండా మొత్తంగా ఒకేలా లేచి దిగుతుంది. వెనక కూర్చున్నవారిని ఎక్కువ ఇబ్బంది పెట్టేది కారు మొత్తంగా లేచి దిగడం కన్నా ఇలా ముక్కు లేస్తూ దిగుతూ ఊగడమే. అలాగని వెనక మరీ గట్టిగా ఉండకూడదు. అదనపు పట్టీ చేసిన చేటు అదే.

ముందు భాగంలో పని తక్కువే. ముందు చక్రాలు పక్కలకు తిరిగేందుకు ఆధారమైన కింగ్ పిన్నులకు గ్రీజు కొట్టించడం, అరిగిన విష్‌బోన్ బుష్‌లు మార్చడం, అంతే. అయితే కారు ముందు భాగం అందంగా కిందికి ఉండాలని కాయిల్ స్ప్రింగును ఒక చుట్టు కోయించేవారున్నారు. ఎనిమిది చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలింది సుమారు 14 శాతం గట్టిపడుతుంది, పైగా స్ప్రింగు చివరిదాకా కుంగినప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ విష్‌బోనుకూ మధ్య ఉండే ఖాళీ తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఠంగుమని తగిలే దెబ్బ చాలా కార్లలో స్ప్రింగుది కాదు, ఆ ఖాళీ అయిపోయి రబ్బరు మీద కూర్చున్న దెబ్బ. మీ కారులో ఆ రబ్బరు మీద మట్టి చెరిగిపోయి నున్నగా మెరుస్తుంటే కారణం అదేనని అర్థం.

ఇక షాక్ అబ్జార్బర్లు. అందరూ ముందు వీటినే మారుస్తారు, నేను చివరికి పెట్టుకున్నాను. రాపిడి పోని కమాన్ల మీద కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే ఆపే శక్తి రెట్టింపై కారు ఇంకా బిగుసుకుపోతుంది. నావి విప్పి నిలబెట్టి చేత్తో లాగి చూశాను. కుడి వెనకది మధ్యలో ఒక అంగుళం దూరం ఏ పట్టూ లేకుండా జారింది. దాన్ని ఒక్కదాన్నే మార్చకుండా జతగా మార్చాను. గ్యాసు నింపిన రకం కాకుండా మామూలు ఆయిలు రకమే తీసుకున్నాను. గ్యాసు ఒత్తిడి రాడ్‌ను ఎప్పుడూ బయటికి నెడుతూ చిన్న కదలికలకు కొంత అడ్డు తెస్తుంది, ఇంత తేలికైన కారుకు అది అనవసరం. సాగేటప్పుడు మరీ గట్టిగా పట్టేవి కూడా వద్దు. రోడ్డుకు అడ్డంగా వరుసగా వచ్చే చిన్న గట్లు, అంటే రంబుల్ స్ట్రిప్స్ మీద చక్రం కిందికి దిగేలోపే తర్వాతి గట్టు వచ్చేస్తుంది, కారు మెట్టుమెట్టుగా కుంగిపోయి చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది.

టైర్ల విషయం ఖర్చు లేనిది, అయినా అందరూ పట్టించుకోనిది. పంక్చర్ షాపులో అడగకుండానే గాలి 32 పాయింట్లు (పీఎస్ఐ) కొట్టేస్తారు. నేను రేడియల్ టైర్లలో ముందు టైర్లలో 26, కారులో నలుగురు కూర్చునే రోజున వెనక టైర్లలో 28 ఉంచి, చల్లగా ఉన్నప్పుడు సొంత గేజీతో చూస్తున్నాను. ఇవి నా టైర్లకు, నా బరువుకు సరిపోయిన అంకెలు. మీరు 2 పాయింట్ల చొప్పున తగ్గిస్తూ, మీ టైరుకు చెప్పిన కనిష్ఠం దాటకుండా చూసుకోండి. అల్లాయ్ చక్రాలు, పక్క గోడ తక్కువున్న టైర్లు మాత్రం ఈ కారుకు వేయించవద్దని నా సలహా.

ఫలితం ఎలా ఉందంటే, మా వీధి చివర సిమెంటు రోడ్డు అతుకుల మీద ఇదివరకు డ్యాష్‌బోర్డు గడగడలాడేది, ఇప్పుడు అడుగున మెత్తటి చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద వెనక భాగం ఒక్కసారి లేచి కూర్చుని ఊరుకుంటుంది. ఒక పరిమితి ఉంది, దాన్ని దాచను. వెనక ఇరుసు, దాని మధ్య గేర్ల గుండు, రెండు చక్రాలు కలిసి ఒకే బరువైన ముక్కగా స్ప్రింగుల కింద వేలాడుతుంటాయి కాబట్టి, ఒక చక్రం పడిన పదునైన గుంత రెండో పక్కకూ తెలుస్తుంది. ఇప్పటి కార్ల మెత్తదనం దీనికి రాదు, రావాలని నేను కోరుకోను కూడా. కమాన్లకు అయిన ఖర్చు మొత్తం నాలుగు కొత్త టైర్ల ఖరీదు కన్నా తక్కువే.

గత నెలలో శ్రీశైలం వెళ్లి వచ్చాము. మన్ననూరు దాటి నల్లమల అడవి మలుపుల్లో కారు కొంచెం ఎక్కువగా ఒరిగింది, అది మెత్తదనానికి చెల్లించిన ధర. దోమలపెంట దగ్గర ఆగినప్పుడు అమ్మను నడుం ఎలా ఉందని అడుగుదామని వెనక్కి తిరిగాను. ఆమె తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు.